ఏటి హోరు, చెవి హోరు

వేసవి దగ్గరపడుతుందనగా మా ఊరి కాలేజీ పిల్లలు నా దగ్గరికి వస్తారు. కనూ గైడ్ పనికి ఏ సర్టిఫికెట్లు కావాలి, ఎవరికి అప్లై చేయాలి, రెజ్యూమేలో ఏం రాయాలి అని అడుగుతారు. అవన్నీ ఫోన్లో వెతికితే దొరుకుతాయి. దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. ముప్ఫై ఒక్క వేసవులు ఆ పని చేసి దిగిపోయినవాణ్ణి కాబట్టి అవి రాస్తున్నాను. చదివాక కూడా ఈ పనిలోకి రావాలనిపిస్తే రండి, నేను అడ్డుపడను.

ముందు పని ఏమిటో చెప్తాను. ఉత్తర ఒంటారియోలో మా ఊరు, దక్షిణాన మనవాళ్లు ఎక్కువగా ఉండే స్కార్‌బరోలో బస్సెక్కితే ఒక పగలంతా పట్టేంత దూరం. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి, నీళ్ల మీద దిగే చిన్న విమానంలో, మనుషుల్నీ పడవల్నీ రెండు విడతలుగా తీసుకెళ్లి ఒక సరస్సులో దింపుతారు. ఆ సరస్సులోంచి ఒక ఏరు బయల్దేరి హడ్సన్ బే వైపు పోతుంది. దాని మీద పది రోజులు. రోడ్డు లేదు, ఊరు లేదు, సిగ్నల్ లేదు. చివర మళ్లీ విమానం వస్తుంది. ఈలోపు వచ్చినవాళ్లను బతికించి, వేళకు తిండి పెట్టి, వీలైతే సంతోషపెట్టడం గైడ్ పని. కనూ ఇద్దరు మనుషుల సన్నటి పడవ. ముందు కూర్చున్నవాడు బలం ఇస్తాడు, వెనక కూర్చున్నవాడు దారి తిప్పుతాడు. నేను ముప్ఫై ఏళ్లు వెనక సీటులో కూర్చున్నాను.

ఆ ఏటికి పేరుంది. రాయను. రాస్తే వచ్చే వేసవికి అక్కడ గుంపులు తయారవుతాయి.

నేర్పినవాళ్లు

నాది అనంతపురం జిల్లా. మా పెన్నలో నీళ్లు కావాలంటే ఇసుకలో చెలమ తవ్వాలి. అలాంటి ఏటి ఒడ్డున పుట్టినవాడికి ఈత ఎక్కడినుంచి వస్తుంది? జియాలజీ చదవడానికి ఈ దేశం వచ్చి, ఒక వేసవి ఈ పడవ ట్రిప్పులు నడిపే కంపెనీలో గిన్నెలు కడిగే పనికి చేరాను. సెప్టెంబర్‌లో కాలేజీకి తిరిగి వెళ్లలేదు. "అంత చదువు చదివి పడవ నడుపుతున్నాడంట" అని మావాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. కోటి విద్యలు కూటి కొరకే అని సర్దిచెప్పుకుందామన్నా, ఇందులో కూడు అంతంతమాత్రమే. నాకు ఆ ఏరు నచ్చింది, అంతకంటే కారణం లేదు.

పని నేర్పింది ఎలైజా. ఆ ఏటి దిగువన పుట్టిన క్రీ తెగ ఆదివాసి, అప్పటికే అరవై దాటినవాడు. తక్కువ మాట్లాడేవాడు. మొదటి వేసవంతా నన్ను ఒడ్డున కళ్లు మూసుకుని కూర్చోమనేవాడు. బండ ఎక్కడుంది, నీళ్లు లోతుగా ఎక్కడ పోతున్నాయి, చెవితో విని చెప్పాలి. తప్పు చెప్తే ఏమీ అనేవాడు కాదు, ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టేవాడు. దోమలు, నల్ల ఈగలు నా మెడను పీక్కుతినేవి. ఇదేం చదువురా దేవుడా అనుకునేవాణ్ణి.

అది ఎంత చదువో తర్వాత తెలిసింది. జలపాతం కింది నుంచి చూసేవాళ్లకే జలపాతం. పైనుంచి పడవలో వచ్చేవాడికి, నీళ్లు ఒక గీత దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తాయి, అంతే. నురగ కనబడదు. కళ్లు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. చెవి చెప్పాలి. మలుపుకు అవతల ఉన్నప్పుడే ఒక సన్నటి హోరు మొదలవుతుంది. అది వినబడగానే గట్టుకు చేరి, పడవను నెత్తిన పెట్టుకుని, అడవిలో నడిచి జలపాతాన్ని దాటాలి.

ఇక మా యజమానురాలు మార్జ్. ముప్ఫై ఏళ్లలో నన్ను రెండుసార్లు మెచ్చుకుంది, రెండుసార్లూ వంట గురించి. మనిషి కటువు, కానీ ఆవిడ పెట్టిన రూల్స్ వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. మొదటి రూలు, ముందు పోయే గైడ్ పడవను ఎవరూ దాటకూడదు. దాటినవాళ్లు మరుసటి ఏడు పనిలో ఉండరు. రెండో రూలు, అరుపుల ప్రాక్టీస్. అది నా తప్పు వల్లే పుట్టింది. ఒకసారి కాల్గరీ నుంచి వచ్చిన ఒక డెంటిస్టు, నేను కట్టిన తాడు ఊడిపోవడం చూసి కూడా ఊరుకున్నాడు. పడవ కొట్టుకుపోయింది. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "గైడ్‌వి కదా, చూసే ఉంటావనుకున్నా" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ట్రిప్పులో మొదటి పొద్దున, వచ్చినవాళ్లంతా నా మొహం మీద "ఓబీ, ఆగు" అని మూడుసార్లు అరవాలి. నా పేరు ఓబులేసు, వాళ్లకు ఓబీ. సిగ్గుపడేవాళ్ల చేత ఇంకో మూడుసార్లు అరిపించేవాణ్ణి. మనిషి ఒకసారి అరిచాక, రెండోసారి అరవడానికి జంకడు.

అంకుల్

మా ఊళ్లో పాతికేళ్లపాటు తెలుగు అంటే నేనూ మా ఆవిడా. మా అమ్మాయి ఇంగ్లిష్‌లోనే బదులిచ్చేది. తర్వాత ఒక సెప్టెంబర్‌లో, గ్రోసరీ లైన్లో నా వెనక ఎవరో "అరే, పెరుగు మర్చిపోయినం రా" అన్నారు. నేను లైన్ వదిలేసి వెళ్లి పెరుగు తెచ్చిచ్చాను. ఆ కుర్రాళ్లు నన్ను చూసి బిత్తరపోయారు. ఆ ఏడు మా చిన్న కాలేజీ నిండా మన పిల్లలే. బస్‌స్టాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో, కాఫీ కౌంటర్ల వెనక, కరీంనగర్, గుంటూరు, కడప.

వాళ్లు నన్ను అంకుల్ అన్నారు. ఆ మాట కోసం నేను ఎంత మొహం వాచి ఉన్నానో అప్పుడే తెలిసింది. ఏటి మీద అందరికీ ఓబీని, మార్జ్‌కు ఓబీని, డెంటిస్టుకూ ఓబీని. అంకుల్ అనగానే లోపల ఏదో కరిగేది. దాచుకోవడం ఎందుకు, నాకు చాలా ఇష్టంగా ఉండేది.

శ్రావణి అలా వచ్చినదే. జగిత్యాల అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు, టూరిజం కోర్సు చేస్తూ మార్జ్ దగ్గర పడవలు కడిగే పనికి చేరింది. మూడు వేసవుల్లో సెకండ్ గైడ్ అయింది. సెకండ్ గైడ్ అన్నిటికంటే వెనక పడవలో వస్తూ అందర్నీ కనిపెట్టుకోవాలి. ఎలైజా ఉండి ఉంటే ఆ అమ్మాయి చెవి అతనికి నచ్చేది. చదువు అయిపోగానే వర్క్ పర్మిట్ మీద లీడ్ గైడ్‌గా తీసుకుంటానని మార్జ్ మాటిచ్చింది. ఈ దేశంలో స్థిరపడేందుకు కావలసిన పీఆర్ మీద ఆమె ఆశంతా ఆ ఉద్యోగం మీదే.

నా చెవుల సంగతి ఇక్కడే చెప్పాలి. అప్పటికి రెండేళ్లుగా నా చెవుల్లో ఒక హోరు ఉండేది. పగలూ రాత్రీ ఆగేది కాదు. టీవీ సౌండ్ పెంచుతున్నావని మా ఆవిడ అంటే, టీవీ పాతదైందని కొత్తది కొన్నాను. మార్జ్ గొణుగుతోందనుకున్నాను. అయితే తెలుగు మాత్రం చక్కగా అర్థమయ్యేది. తల్లి భాష సగం వినబడినా మిగతా సగం మనసు పూరించుకుంటుందని నాకేం తెలుసు? పిల్లలతో గంటలు గంటలు కబుర్లు చెప్పేవాణ్ణి. చెవులు బాగానే ఉన్నాయి, ఈ తెల్లవాళ్లే నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని తీర్మానించుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్తే కాగితం మీద రాస్తాడు, కాగితం మార్జ్ దగ్గరికి వెళ్తుంది. అందుకే వెళ్లలేదు.

శ్రావణికి తెలుసు. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి నిలబడేది. గెస్టులు అడిగిన ప్రశ్నను "ఏం లేదు అంకుల్, భోజనం ఎప్పుడని అడుగుతున్నరు" అని మళ్లీ చెప్పేది. ఎంత మర్యాద నేర్చిన పిల్ల అని మురిసిపోయాను.

పొగ

ఆ ఆగస్టులో కాలేజీ తరఫున నలుగురు తెలుగు పిల్లలు వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు. అందులో కార్తీక్ అనే గుంటూరు కుర్రాణ్ణి నా పడవలో ముందు సీటులో కూర్చోబెట్టుకున్నాను. ఈత రాదని ముందే చెప్పాడు, నిజాయితీ ఉన్నవాడు.

మొదటి పొద్దున ఒడ్డున శ్రావణి అడిగింది. "అంకుల్, అరిచే ప్రాక్టీస్ చేయిద్దామా?"

"మన పిల్లలే కదమ్మా, ఎందుకులే" అన్నాను.

వాళ్ల చేత నన్ను పేరు పెట్టి అరిపించుకోవడం ఎబ్బెట్టుగా అనిపించింది. ఆ ప్రాక్టీస్ మొదలైనప్పటినుంచి మానేసింది ఆ ఒక్కసారే.

ఆరో రోజు మధ్యాహ్నం పొగ వచ్చింది. పడమట ఎక్కడో అడవులు కాలుతున్నాయి, గాలి తిరిగింది. నాలుగు పడవల దూరం దాటితే ఏమీ కనబడటం లేదు. పొగలో గట్టుకు చేరి ఆగిపోవాలి. కొత్తగా వచ్చేవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి ఈ మాట. నేను ఆగలేదు. ఇన్నేళ్లు చూసిన ఏరు, మూడు మలుపులు లెక్కపెట్టి ఎడమ గట్టుకు చేరితే సరిపోతుందనుకున్నాను. ఆ పొగలో ఒక మలుపు నాకు తెలియకుండానే దాటిపోయింది. నా లెక్కలో జలపాతం ఇంకో మలుపు అవతల ఉంది.

హోరు నాకు వినిపించింది. అబద్ధం చెప్పను, వినిపించింది. కాకపోతే అది నాకు ఎప్పుడూ వినిపించేదే. నా చెవిలో హోరు ఎక్కడ ఆగిందో, ఏటి హోరు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు.

వెనకనుంచి శ్రావణి విజిల్ ఊదింది. మూడుసార్లు ఊదిందట. చెవిటివాడి ముందు శంఖం అంటారే, అచ్చంగా అదే. నేను తిరగలేదు. కార్తీక్ ఒకసారి వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నేను ధైర్యంగా ఉండమన్నట్టు నవ్వాను. అతను కూడా నవ్వి మళ్లీ తెడ్డు వేశాడు.

అప్పుడు శ్రావణి పడవల లైన్ దాటింది. రెండో పడవలో ఉన్న ఇద్దరినీ గట్టుకు పొమ్మని చేత్తో చూపించి, నా కుడివైపు నుంచి దూసుకొచ్చింది. నన్ను చూస్తూ నోరంతా తెరిచి అరిచింది.

"ఏయ్, ఆగు. గట్టుకు కొట్టు."

నన్ను మన భాషలో ఎవరైనా ఏయ్ అని నలభై ఏళ్లయి ఉంటుంది. అది వినబడింది. కానీ నీళ్లు అప్పటికే వేగం అందుకున్నాయి. ఆమె తన పడవతో నా పడవ ముక్కును ఎడమవైపుకు గుద్దింది. నా పడవ అడ్డం తిరిగి, ఒక బండకు తగిలి, ఒరిగి నీళ్లు నిండింది. నేను ఆ బండను పట్టుకున్నాను. కార్తీక్ నీళ్లలో పడి కొట్టుకుపోతున్నాడు. లైఫ్ జాకెట్ తేల్చుతోంది, కానీ తేలుతూ పోయేది జలపాతం వైపే. నీళ్లు ఆగిపోయినట్టుండే ఆ గీత నాకు అప్పుడు కనిపించింది, ఇంటి ముందు వీధి దాటేంత దూరంలో.

శ్రావణి తన పడవను ఎడమ గట్టుకు చేర్చి, దూకి తాడు విసిరింది. అందలేదు. లాక్కుని మళ్లీ విసిరింది. రెండోసారి అది అతని భుజం మీద పడింది. అతను పట్టుకున్నాడు. ఆమె మడమలు నేలలో తన్ని కూర్చుంది, ఆమె పడవలోని అమ్మాయి వెనకనుంచి ఆమె జాకెట్ పట్టుకుంది. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. కార్తీక్ అర్ధచంద్రంలా తిరిగి గట్టుకు వచ్చి తగిలాడు. తర్వాత అదే తాడుతో నన్నూ బండ మీంచి లాగారు. నా పడవ గీత దాటి కిందికి పోయింది.

ఎవరికి తెలుసు

కార్తీక్‌కు పొడి బట్టలు వేసి, నిప్పు రాజేసి, టీ పెట్టాక, నేను నలుగుర్నీ ఒక్కొక్కరినీ అడిగాను. నీళ్ల శబ్దం మీకు వినిపించిందా? అందరికీ వినిపించింది. కార్తీక్‌కు అందరికంటే ముందు వినిపించింది.

"ఏంటో పెద్ద మోత వస్తుంది అనుకున్నానండీ. మీరేం మాట్లాడకపోతే, అంకుల్‌కి తెలీదా ఏంటిలే అని ఊరుకున్నా" అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

ఐదుగురికి వినబడింది, ఒక్కడికి వినబడలేదు. ఆ ఒక్కడు పెద్దవాడు కాబట్టి నలుగురు నోరు మూసుకున్నారు, ఐదో మనిషి కూడా విజిల్ దాటి నోరు తెరవడానికి ఆలస్యం చేసింది. తప్పు వాళ్లది కాదు. మనం పిల్లల్ని అలాగే పెంచుతాం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు, పెద్దవాళ్ల తప్పు ఎత్తిచూపకు. ఇంట్లో అది మంచిదే కావచ్చు, ఏటి మీద అది ఈత రాకపోవడంతో సమానం. తెలిసి తెలిసి దాన్ని పడవలోకి ఎక్కించుకున్నది నేను.

శ్రావణి నా పక్కన కూర్చుంది. "మిమ్మల్ని ఏయ్ అన్న అంకుల్. సారీ" అన్నది.

సాయంత్రం శాటిలైట్ ఫోన్లో మార్జ్‌కు చెప్పాలి. శ్రావణి మాట్లాడింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆమె మొహం చూస్తూ ఉంటే నాకు సగం తెలిసింది, మిగతాది తర్వాత ఆమే చెప్పింది. పొగలో దారి తెలియలేదు, పడవలు గుద్దుకున్నాయి, ఒకటి పోయింది, మనుషులు క్షేమం. లైన్ ఎవరు దాటారని మార్జ్ అడిగింది. నేనే అన్నది శ్రావణి. ఎందుకు దాటావని అడిగితే, పొగలో కంగారుపడ్డానని చెప్పింది. వచ్చాక మాట్లాడదాం అని మార్జ్ ఫోన్ పెట్టేసింది.

ఆ అమ్మాయి నా తప్పు బయటపెట్టకుండా, తన ఉద్యోగాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను ఫోన్ తీసుకుని, "పొగ కాదు మార్జ్, నా చెవులు" అనొచ్చు. నాలుగు మాటలు. అనలేదు. చెప్తే ఏరు నా చేతిలోంచి పోతుంది.

ఈ వృత్తిలో నేను చేసిన తప్పులన్నిటిలోకి పెద్దది అదే. పొగలో ఆగకపోవడం గర్వం. ఇది పిరికితనం.

మధ్య సీటు

మరునాడు పొగ పల్చబడింది. జలపాతం పక్కనుంచి నడిచి కిందికి దిగాం. నా పడవ ఒక బండ చుట్టూ రొట్టెలా మడిచిపెట్టి ఉంది. మిగిలిన రెండు పడవల్లో ముగ్గురు ముగ్గురం ఎక్కాం. భుజం పట్టేసిందని చెప్పి, నేను శ్రావణి పడవలో మధ్యన సామాన్ల మీద కూర్చున్నాను. భుజానికి ఏమీ కాలేదని ఆమెకు తెలుసు.

మూడు రోజులు అలా వెళ్లాం. వెనక సీటులో ఉన్నవాడు ఏటిని చూడడు, పని చూస్తాడు. బండ ఎక్కడ, లోతు ఎక్కడ, గాలి ఎటు. ఆ మూడు రోజులూ నేను మొదటిసారి ఏటిని ఊరికే చూశాను. టీ డికాక్షన్ రంగు నీళ్లు. ఎండ పడ్డచోట అడుగున రాళ్లు ఎర్రగా కనిపిస్తాయి. ఒక దుప్పి తన పిల్లతో నడుములోతు నీళ్లలో నిలబడి మమ్మల్ని చూసి, మళ్లీ గడ్డి తినడం మొదలుపెట్టింది. పక్షులు నోళ్లు తెరుస్తున్నాయి, కూత నాకు చేరడం లేదు. ఎలైజా కళ్లు మూసుకోమన్న ఒడ్డు ఎడమవైపు నుంచి వెళ్లిపోయింది. అక్కడ ఆగుదామని అడగాలనిపించింది, అడగలేదు.

మీకు అర్థం కావాలని చెప్తున్నాను. అదే ఏటి మీద కూర్చుని ఆ ఏటి కోసం బెంగపెట్టుకున్నాను. చేతితో నీళ్లు తాకుతూనే ఉన్నాను, అయినా దాహం తీరడం లేదు. వచ్చే జూన్‌లో మంచు కరిగాక ఈ నీళ్లు ఇలాగే ఎర్రగా వస్తాయి, నేను లేకుండా వస్తాయి అనుకునేవాణ్ణి. ఇంకో రెండేళ్లు దాచొచ్చు కదా, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని టోపీ కిందికి లాక్కోవచ్చు కదా అని లోపల బేరాలాడుకున్నాను. వెనకనుంచి శ్రావణి తెడ్డు సమంగా పడుతోంది. నీళ్లు బండల మధ్య ఉరికే ప్రతి రాపిడ్స్ ముందూ పిల్లల్ని ఏం వినబడుతోందని అడుగుతోంది. వాళ్లు జవాబు చెప్తున్నారు. గట్టిగా చెప్తున్నారు.

చివరి పొద్దున ఆమె అడిగింది. "షోల్డర్ ఎట్లున్నది అంకుల్?"

"పర్వాలేదమ్మా" అన్నాను. ఆమె తలూపి టెంట్ మడుచుకుంది.

గట్టు

విమానంలో మార్జ్ కూడా వచ్చింది. అలా రావడం ఎన్నడూ లేదు. మొదటి విడతలో పిల్లలు నలుగురూ వెళ్లారు. విమానం తిరిగి వచ్చేదాకా గట్టు మీద మేం ముగ్గురమే.

మార్జ్ చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. శ్రావణి ఎదురుగా నిలబడి, "ముందు పడవను దాటావు, గుద్దావు, ఒక కుర్రాడు నీళ్లలో పడ్డాడు. నా రూలు నీకు తెలుసు" అన్నది. ఆవిడ పెదాలు చూస్తూ నేను అర్థం చేసుకున్నాను.

శ్రావణి తల వంచుకుంది. నా వైపు చూడలేదు. చూస్తే నన్ను అడిగినట్టవుతుందని చూడలేదు, అది నాకు తెలుసు.

"మార్జ్, నాకు వినబడటం లేదు" అన్నాను.

తన మాట నాకు వినబడలేదంటున్నాననుకుని ఆవిడ మళ్లీ గట్టిగా చెప్పబోయింది.

"అది కాదు. రెండేళ్లుగా చెవులు వినబడటం లేదు. జలపాతం వినలేదు, విజిల్ వినలేదు. ఈ అమ్మాయి లైన్ దాటకపోతే నేనూ ఆ కుర్రాడూ ఇప్పుడు లేము."

మార్జ్ శ్రావణి వైపు తిరిగి అడిగింది. "నీకు తెలుసా?"

"జూన్ నుంచి తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆయనకైనా ఎందుకు చెప్పలేదు?"

శ్రావణి ఇంగ్లిష్ వెతుక్కుంది. ఆ సంగతి చెప్పడానికి ఇంగ్లిష్‌లో మాటలు లేవు. నేనే చెప్పాను.

"తనని చెప్పనివ్వలేదు నేను. నన్ను అంకుల్ అంటే నాకు ఇష్టం, ఓబీ అని అరవమని నేర్పలేదు. తప్పు నాది. వచ్చే ఏడు ఈ ఏరు తనకివ్వు."

మార్జ్ నా భుజం మీద చెయ్యి వేసింది. ఏమీ అనలేదో, అన్నది నాకు వినబడలేదో చెప్పలేను. విమానం వచ్చింది. సామాను ఎక్కించాం.

పైకి లేచాక కిటికీలోంచి ఏరు మొత్తం కనిపించింది. పది రోజుల దారి పది నిమిషాల్లో వెనక్కి పోతోంది. జలపాతం తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. అద్దానికి నుదురు ఆనించి, కనబడినంతసేపూ చూశాను. మార్జ్ ముందు సీటులో పైలట్ పక్కన ఉంది. శ్రావణి నా పక్కన. నాకు కళ్లు నిండాయి, మొహం అటు తిప్పుకున్నాను. పెద్దవాళ్లు ఏడుస్తుంటే చూడనట్టు ఊరుకోవడం మన మర్యాద.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఇంజన్ మోతలో నా చెవి దగ్గరికి వంగి, పైలట్ కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా, "ఏడుస్తున్నరు అంకుల్ మీరు" అన్నది.